వేలు పెట్టిన వాక్యం

మా అత్తగారు పోయిన కబురు నాతవరం బండివాడు తెచ్చాడు. కంచె అవతలే నిలబడి, "నిన్న పొద్దుగూకేక ఎల్లిపోనారమ్మా. అక్కడే కప్పెట్టీసేరు. తమరు రాకండి" అన్నాడు. మంచినీళ్లిస్తానన్నా పుచ్చుకోకుండా ఎడ్లను అదిలించాడు. ఆ ఊళ్లో కలరా రోగులకు సపర్యలు చేయడానికి వెళ్లిన మనిషి ఆవిడ. ఆ కలరాయే ఆవిడనూ తీసుకుపోయింది. నేను ఆఖరి చూపుకు కూడా నోచుకోలేదు.

ఆవిడ మిషను వారి బైబిలు స్త్రీ. నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్లన్నీ కాలినడకన తిరిగి, ఆడవాళ్లకు అక్షరాలూ వాక్యమూ చెప్పేవారు. రోజూ తెల్లవారగానే, ముందురోజు ఆపిన చోటి నుంచి గ్రంథం చదివేవారు. వంశావళులు వచ్చినా ఒక్క పేరు దాటేవారు కాదు. బోర్డింగు స్కూల్లో చదివానన్న గర్వం నాది. "ఆ పేర్లలో ఏముందండీ అత్తగారూ?" అని నవ్వేదాన్ని.

"ఆళ్లందరూ కట్టపడి బతికినోళ్లే కదమ్మా. పలకరించకుండా ఎలా దాటీమంటావు?" అనేవారు.

మా క్రైస్తవ కుటుంబాల్లో ఒక అలవాటుంది. ఆపద వస్తే కళ్లు మూసుకుని, బైబిలు తెరిచి వేలు పెడతాం. వేలి కింద ఏ వాక్యముంటే అదే దేవుడి జవాబు. తాతలనాటి బల్లిశకునాలు బాప్తిస్మం పుచ్చుకుని మాతోబాటే వచ్చాయన్నమాట. "పంచాంగం మానీసి దీన్నే పంచాంగం సేసీసేరు" అని ఆవిడ సణిగేవారు. నేను చెవిన పెట్టలేదు.

ముందటేడు వానల్లో, కొండదారి పనికి వెళ్లొచ్చిన నా భర్తకు మన్యం జ్వరం పట్టింది. తొమ్మిదో రోజుకి కలవరింతలు మొదలయ్యాయి. అత్తగారు రావికమతంలో ఉన్నారు. నేను వేలు పెట్టాను. జబ్బుపడిన ఒక రాజుతో ప్రవక్త, నువ్విక బతకవు, ఇల్లు చక్కబెట్టుకో అని చెప్పే చోట పడింది. గంజి పట్టడం మానేశాను. పెట్టెలోంచి తెల్లగుడ్డ తీసి, శవం మీద కప్పడానికని అంచులు కుట్టడానికి కూర్చున్నాను, బతికున్న మనిషి పక్కనే.

తడిసిన చీరతో అత్తగారు వచ్చారు. గుడ్డ చూశారు. "ఏటమ్మా ఇది?"

చెప్పాను. ఆవిడ తిట్టలేదు. నా పక్కన కూర్చుని, "దాని కింద సదువు" అన్నారు. చదివాను. రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు. దేవుడు ఆ కన్నీళ్లు చూసి పదిహేనేళ్ల ఆయుష్షు పొడిగించాడు.

"అయితే ఈయన బతుకుతారండీ!" అని అరిచాను.

అప్పుడొచ్చింది ఆవిడకు కోపం. "ఇదీ సకునమేనా? ఆ రాజు సంగతి ఆ రాజుది. నా కొడుకు బతుకుతాడని అందులో యెక్కడా లేదు. ఏడిస్తే వినేవోడున్నాడని ఉంది. అది తెలిసినోళ్లు గుడ్డ కుట్టరు, గంజి కాస్తారు. లెగు, బేగి పొయ్యెలిగించు."

నాలుగో రోజున ఆయన పోయారు. ఆ నాలుగు రోజులూ నా చేతి గంజి తాగారు, రెండుసార్లు నన్ను పేరుపెట్టి పిలిచారు. ఆశ ఎందుకు తుంచేశారని అత్తగారి మీద చాన్నాళ్లు కక్ష పెట్టుకున్నాను. కన్నకొడుకు గురించి కూడా ఆవిడ లేని మాట ఇవ్వలేదు. అందుకే సమాధి దగ్గర కూడా ఆవిడ మాట అబద్ధం కాలేదు. అది నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ సంగతి ఆవిడతో చెప్పనేలేదు.

ఇప్పుడా కలరా మా వీధికి వచ్చింది. నిన్న సంఘంలోని ఒకావిడ తన గ్రంథం పట్టుకొచ్చి, "ఏలెట్టి సూడమ్మా, ఈపాలి యెవరింటికో తెలిసిపోద్ది" అంది. మూసి ఆవిడ చేతికే ఇచ్చేశాను. నాకు భయం లేదనను. ఏ ఇంట్లో వేళకాని వేళ బిందె చప్పుడైనా, అక్కడా జబ్బు దిగిందేమోనని చెవులు రిక్కిస్తున్నాను. అత్తగారు దాటకుండా చదివిన ఆ పేర్లవాళ్లంతా కూడా ఇలాగే భయపడి ఉంటారు. ఇన్నాళ్లకు నేనూ మొదటి నుంచి చదువుతున్నాను.

ఇది రాస్తూండగా అలికిడైతే కిటికీలోంచి చూశాను. పొద్దెక్కినా వీధిలో తలుపులన్నీ మూసే ఉన్నాయి, గుమ్మాలకు వేపమండలు. చివరి ఇంటి తలుపు ఒక్కటే తెరుచుకుంది. మా నీడ కూడా తమ అరుగు మీద పడనివ్వని ఇల్లది. ఆ ఇంటి కోడలు మోచేతుల దాకా తడితో గుమ్మంలో నిలబడి, నా వైపు చెయ్యూపి పిలుస్తోంది. కలం పక్కన పెట్టి గడప దాటుతున్నాను. ఆవిడ చెయ్యి ఇంకా ఊపుతూనే ఉంది.