కుప్పం నుంచి ఒక్క బ్యాగు రక్తం

మదనపల్లెలో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు. తొంభైల చివరి రోజులవి. అంతకుముందు రెండేళ్లు పుంగనూరు బస్టాండు వెనక ఒక చిన్న ల్యాబులో పనిచేశాను. ల్యాబంటే ఒక గది, ఒక మైక్రోస్కోపు, తలుపు సరిగా పడని ఫ్రిజ్జు, నేను. చక్కెర, మలేరియా, రక్తం గ్రూపు, అన్నీ నేనే చూసేదాన్ని.

గ్రూపు చూడటమంటే నాకు మహా ఇష్టం. వేలి చివర సూదితో పొడిచి, గాజుపలక మీద మూడు చుక్కల రక్తం వేసి, ఒక్కోదాంట్లో ఒక్కో మందు కలిపి అటూ ఇటూ వంచితే రెండు నిమిషాల్లో తేలిపోయేది. మొదటి చుక్క విరిగిన పాలలా గడ్డకడితే ఎ, రెండోది కడితే బి, రెండూ కడితే ఎబి, రెండూ కట్టకపోతే ఓ. మూడో చుక్క పాజిటివా, నెగటివా చెప్పేది. చిన్న అట్టముక్క మీద గ్రూపు రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చేదాన్ని. మా ఇంట్లో మొట్టమొదట విలువ వచ్చింది నా సంతకానికే. అందుకే పూర్తి పేరుతో, వంకర్లు తిప్పి మరీ పెట్టేదాన్ని.

మదనపల్లెకు వచ్చిన ఏడాదికి, మార్కెట్ దారంతా టమోటా లారీలతో నిండిపోయే రోజుల్లో, పుంగనూరు పక్క పల్లె నుంచి ఒకామెను కాన్పుకు తీసుకొచ్చారు. ఎనిమిదో నెల. అంతకుముందు ఒక కాన్పు పోయింది. ఈసారి మాయ కిందికి ఉందని, అప్పుడప్పుడూ రక్తం పోతోందని, ఆపరేషన్ చేయక తప్పదని చెప్పారు. రెండు బ్యాగుల రక్తం సిద్ధంగా ఉంచమని మా దగ్గరికి చీటీ వచ్చింది. దాంతోపాటు ఆమె భర్త ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకున్న గ్రూపు కార్డు కూడా ఇచ్చాడు. నేను కార్డు వైపు చూడలేదు. ఎక్కడినుంచి ఏ కార్డు వచ్చినా మళ్లీ చూడాల్సిందే కదా అని పక్కన పెట్టాను.

ఆమె రక్తం గ్రూపు ఓ పాజిటివ్ అని వచ్చింది. ఫ్రిజ్జులో ఓ పాజిటివ్ బ్యాగులు ఆరు ఉన్నాయి. ఒక బ్యాగులోంచి కొద్దిగా తీసి, ఆమె రక్తంలోంచి తేర్చిన నీరు, అంటే సీరంతో కలిపాను. ఎక్కించేముందు రెండు రక్తాలూ పడతాయో లేదో చూసే పరీక్ష అది, క్రాస్‌మ్యాచ్ అంటాం. ట్యూబు అడుగున రక్తం ఒకే ముద్దగా గడ్డకట్టింది. ఏదో పొరపాటు చేశాననుకుని ఇంకో బ్యాగు తీశాను. అదీ అంతే. ఆరింటినీ చూశాను. ఆరూ గడ్డకట్టాయి.

మా బ్లడ్ బ్యాంకు డాక్టరు యాభై దాటిన మనిషి. మాట తక్కువ. ఆమె ట్యూబులన్నీ వెలుతురుకి ఎత్తి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఈమె ఓ కాదమ్మా," అంది.

"ఓ అనే వచ్చింది మేడమ్. రెండుసార్లు చూశాను."

"ఓ లాగా కనపడుతుంది, అంతే. చాలా అరుదైన గ్రూపు ఇది. ఓ రక్తం మీద కూడా ఒక పదార్థం ఉంటుంది, మన అందరికీ ఉండేదే. అది కూడా లేనివాళ్లు లక్షల్లో ఎక్కడో ఉంటారు. వాళ్ల ఒంటికి ఓ రక్తం కూడా పరాయిదే. ఎక్కిస్తే చచ్చిపోతారు. వాళ్లకి వాళ్లలాంటివాళ్ల రక్తమే పడుతుంది."

తరువాత ఆమె కేసు కాగితాలు తిరగేస్తూ, అందులో పెట్టిన కార్డు నా ముందుకు జరిపింది. ఓ పాజిటివ్. కింద వంకర్లు తిప్పిన నా సంతకం.

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ గర్భిణి ముఖం నాకు గుర్తులేదు. ఆ రెండేళ్లలో నేను ఎందరి వేళ్లు పొడిచానో. సీరాన్ని, గ్రూపు ముందే తెలిసిన రక్తకణాలతో కలిపి ఇంకోవైపు నుంచి కూడా సరిచూడాలని నాకు కోర్సులో చెప్పారు. కానీ ఆ ల్యాబులో ఆ కణాలూ లేవు, ఆ అలవాటూ లేదు. నేనూ అడగలేదు. మొదటి కాన్పప్పుడు ఎవరైనా తొందరలో ఈ కార్డును నమ్మి ఒక ఓ బ్యాగు ఎక్కించి ఉంటే?

"ఇది నేను రాసిందే మేడమ్," అన్నాను.

"తెలుసు, సంతకం చూశాను." ట్యూబులు స్టాండులో పెట్టేసి, "ఏడవడానికి తరువాత టైము ఇస్తాను. ముందు ఆమె అమ్మను పిలువు," అంది.

శాంపిల్ బెంగుళూరులో పెద్ద ల్యాబుకి పంపితే మర్నాటికి ఫోనులో అదే మాట చెప్పారు. వాళ్ల జాబితాలో ఆ గ్రూపు దాత ఒకే ఒకడున్నాడు. అతను నెల క్రితమే రక్తం ఇచ్చాడు, మళ్లీ ఇవ్వకూడదు. ఇక మిగిలింది తోడబుట్టినవాళ్లు. ఆమె తల్లికి పెళ్లి జరిగింది సొంత మేనమామతోనే. అలాంటి ఇళ్లలో ఈ గ్రూపు ఒకరికుంటే, అన్నదమ్ముల్లో అక్కచెల్లెళ్లలో ఇంకొకరికి ఉండే వీలుందని మేడమ్ చెప్పింది.

"ఒక్క కొడుకు ఉండాడు," అంది తల్లి. తరువాత తలుపు వైపు తిరిగి, "ఉండాడు గానీ, మాకు లేనట్టే," అంది.

నాలుగేళ్ల క్రితం ఆ అబ్బాయి కుప్పంలో పనికి పోయి, అక్కడే ఒక తమిళమ్మాయిని పెళ్లి చేసుకున్నాడట. ఆమెను తీసుకుని ఇంటికొస్తే గడప దాటనివ్వలేదు. ఆ తరువాత రాకపోకలు లేవు. ఫోన్ లేదు. ఏదో గ్రానైట్ ఫ్యాక్టరీ అని మాత్రం తెలుసు.

మర్నాడు పొద్దున ఆమె భర్త కుప్పం బయలుదేరుతుంటే, నేనూ వెళ్తానని మేడమ్‌ని అడిగాను. "బావ చెబితే ఆ అబ్బాయి వినకపోవచ్చు మేడమ్. నేనైతే సరిగ్గా చెప్పగలను," అన్నాను. అసలు కారణం అది కాదని ఆమెకు తెలుసు. సెలవు చీటీ రాయమనలేదు.

పుంగనూరు దాటాక, బస్సులో అతనికి కార్డు సంగతి చెప్పాను. అతని చెయ్యి ఖాళీ చొక్కా జేబు మీదికి పోయింది.

"ఆ కార్డు నేను మూడేండ్లు జోబిలో పెట్టుకోని తిరిగినా మేడం. వానొస్తే తడస్తాదని సెప్పి కవర్లో పెట్టినా," అన్నాడు. "మీరు సెప్పకపోయింటే నాకు తెలిసేదే లేదు గదా. యాల సెప్పినారు?"

"మీకు తెలియాలి కాబట్టి," అన్నాను. పలమనేరులో బస్సు మారేటప్పుడు అతను నా చేతిలోని సంచి తీసుకుని తను మోశాడు.

కుప్పంలో మూడో ఫ్యాక్టరీలో ఆమె అన్న దొరికాడు. రాయి కోసే యంత్రం మీద నీళ్లు పోస్తూ, మోచేతుల దాకా బూడిదరంగు బురదతో ఉన్నాడు. బావను చూడగానే చేతిలోని పైపు కిందపెట్టి, అన్న మొదటి మాట:

"ఎవురు సచ్చిపోయినారు?"

"ఎవురూ సావలేదు బావా. సావకుండా సూస్కోవాలనే వచ్చినాము."

యంత్రం చప్పుడుకు సంగతంతా నేను అరిచినట్టుగా చెప్పాల్సి వచ్చింది. అతను అంతా విని, "ఊర్లో అంతమంది ఉండారు. నా రక్తమే యాల? నేను ఆ ఇంటికి పనికిరానోడినే గదా," అన్నాడు.

"మీ చెల్లెలి రక్తం ఊళ్లో ఎవరికీ లేదన్నా. మీకు ఉండొచ్చు."

"ఉండొచ్చా? ఖాయం గాదా?"

"కాదు. ఇక్కడ నేను తేల్చలేను. మదనపల్లెకు వస్తేనే తెలుస్తుంది. అక్కడిదాకా వచ్చాక లేదని కూడా తేలొచ్చు."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. అబద్ధం చెప్పి తీసుకెళ్లడం సులువని నాకూ అనిపించింది. కానీ తప్పు కార్డు రాసిచ్చిన ఆ ఇంటివాళ్లకే ఇంకొక అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు.

"ఇంటికి పోదాం పాండి. మా ఇంటామెను అడగల్ల," అన్నాడు.

ఇల్లు రైలుపట్టాల అవతల, రేకుల ఇళ్ల వరసలో ఒక గది. అతని భార్య సంగటి కెలుకుతోంది. సన్నటి మనిషి, నా వయసే ఉంటుంది. భర్త చెప్పేదంతా తమిళంలో విన్నది. నా వైపు తిరిగి, తెలుగులో ఒకే ఒక్క మాట అడిగింది.

"ఎన్ని నెల?"

"ఎనిమిది."

ఆమె స్టవ్ ఆర్పేసింది. సంగటి ముద్దలు చేసి డబ్బాలో పెట్టి, పైన ఊరుబిండి పచ్చడి వేసి మూత బిగించింది. "పోదాం. కోపం తర్వాత పడొచ్చు. ఆ బిడ్డ ఏం చేసింది?" అంది భర్తతో తమిళంలో. ఆ మాత్రం తమిళం నాకూ అర్థమవుతుంది.

"నువ్వొస్తే మా యమ్మ ఏమంటాదో," అన్నాడు అతను.

"లోపలికి వద్దంటే ఆసుపత్రి మెట్ల మీద కూచుంటా. ఆసుపత్రి వాళ్లది కాదు గదా."

దారిలో నలుగురం ఆ డబ్బాలోని సంగటే తిన్నాం. ఆ ఇంటి అల్లుడు, ఆ ఇంటికి రావద్దన్న కోడలి చేతి వంట తింటూ ఒకసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. "కారం బాగుండాది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

మదనపల్లె చేరేసరికి నాలుగున్నర. అన్న రక్తం తీసి, ముందు అతని సీరంలో ఓ కణాలు వేశాను. గడ్డకట్టింది. రెండు రోజుల క్రితం నన్ను భయపెట్టిన అదే గడ్డ, ఇప్పుడు చూస్తుంటే ఒళ్లు పులకరించింది. తరువాత అసలుది, అతని కణాలూ చెల్లెలి సీరమూ. ట్యూబు తీసి వంచాను. అడుగున ఉన్న ఎర్రటి చుక్క ఏ మెలికా లేకుండా, పొగలా లేచి నీళ్లలో కలిసిపోయింది. మైక్రోస్కోపు కింద పెడితే కణాలన్నీ దేనికదే విడివిడిగా తేలుతున్నాయి. మేడమ్ చూసి, మళ్లీ చేయమంది. మళ్లీ చేశాను. అదే. అప్పుడు ఆమె నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు తీయలేదు.

రాళ్లు కోసే మనిషి, సూది చూడగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "రక్తమిస్తే బరువు పని సేయలేనంటారే మేడం?" అన్నాడు. రెండు రోజులు ఆగితే మామూలుగా చేసుకోవచ్చని చెప్పాను. బ్యాగు నిండుతుంటే తల్లి గుమ్మం దగ్గర నిలబడి కొడుకునే చూస్తోంది. కొంతసేపటికి ఆమె బయటికి వెళ్లింది. మెట్ల మీద, పడమటి ఎండలో, ఒళ్లో ఖాళీ డబ్బా పెట్టుకుని కూర్చున్న కోడలి దగ్గర ఆగింది.

"ఎండలో యాల కూచోనుండావు? లోపలికి రా," అంది. అంతే. చెయ్యి పట్టుకోవడం, కన్నీళ్లు పెట్టుకోవడం ఏమీ లేదు. కోడలు లేచి, చీర దులుపుకుని లోపలికి వచ్చింది.

మిగతా పరీక్షలన్నీ అయ్యాక, మర్నాడు ఆపరేషన్ చేశారు. మా దగ్గర ఉన్నది ఆ ఒక్క బ్యాగే. అది అయిపోతే ఇంకొకటి లేదని సర్జన్‌కి తెలుసు, మత్తు డాక్టరుకి తెలుసు, నాకు తెలుసు. థియేటరు బయట గోడకానుకుని నిలబడ్డాను. బ్యాగు సగమైందని నర్సు చెప్పి లోపలికి వెళ్లగానే బిడ్డ ఏడుపు వినపడింది. ఆడపిల్ల. తక్కువ బరువే, కానీ గొంతు బాగా ఉంది. రక్తం పోవడం ఆగిందని నర్సు వచ్చి చెప్పాక మేడమ్ నన్ను మా గదికి తీసుకెళ్లి తలుపు వేసి, "ఇప్పుడు ఏడువు," అంది. నవ్వొచ్చింది గానీ ఏడుపు రాలేదు.

మూడో రోజు వార్డుకి వెళ్లి ఆమెకు కూడా కార్డు సంగతి చెప్పాను. ఆమె అలసటగా విని, "ఇప్పుడు సరిగ్గా రాసిచ్చినారు గదా," అంది. తరువాత మంచం పక్కన బిడ్డను పట్టుకుని ఉన్న తమిళమ్మాయితో, "వదినా, ఆ దుప్పటి సరిగ్గా కప్పు, సలి గాలి తగల్తాది," అని చెప్పింది. ఆమెను వదినా అని పిలిచింది నాలుగేళ్లలో మొదటిసారని గదిలో అందరికీ తెలుసు.

ఆ ఆదివారం పుంగనూరు వెళ్లాను. పాత ల్యాబు యజమానికి ఉన్నదున్నట్టు చెప్పి రిజిస్టర్లు అడిగాను. ఆయన మొదట కోపగించుకున్నాడు, తరువాత తనే దుమ్ము దులిపి ఇచ్చాడు. నేను ఓ అని రాసినవాళ్లందరికీ, చిరునామా ఉన్నంత వరకు, పోస్టుకార్డులు రాశాను, ఒకసారి వచ్చి మళ్లీ చూపించుకోమని. ఆరేడు ఆదివారాలు అక్కడే కూర్చున్నాను. సగం మందే వచ్చారు. ఒక పెద్దాయన, "అప్పుడు గ్యానం లేదా నీకు?" అని గట్టిగా తిట్టి, తిట్టాక వేలు చాపాడు. వచ్చినవాళ్లంతా నిజంగా ఓ గ్రూపే.

కుప్పంలో ఉన్న ఆమె అన్నయ్య పేరు బెంగుళూరు జాబితాలో చేరింది. కొన్నేళ్లకు, అందరి చేతుల్లోకి సెల్‌ఫోన్లు వస్తున్న రోజుల్లో, అతని భార్య నాకు ఫోన్ చేసింది. అప్పటికి ఆమె తెలుగు నాకంటే వేగంగా మాట్లాడుతోంది. బెంగుళూరు నుంచి పిలుపొస్తే భర్త పొద్దున రైలెక్కి పోయి, ఎవరో ముసలాయనకు రక్తం ఇచ్చి, సాయంత్రానికి తిరిగొచ్చాడట.

"ఎవురికని అడిగితే వాళ్లు పేరు సెప్పలేదంట మేడం. తెలీని మనిషికి ఇచ్చినా అని ఇల్లంతా తిరగతాండాడు. మళ్లా ఎప్పుడు పిలస్తారని ఇప్పట్నించే అడగతాండాడు. మీరు కొంచెం సెప్పండి, మూడు నెలలు ఆగాలని. నా మాట యాడ వింటాడు."

ఫోన్ అతనికి ఇమ్మన్నాను.