బుధవారం చూస్తామన్నారు

మా పంతులమ్మగారు పోయిన ఆదివారం ఉదయం కన్నుమూశారు. గుండె డాక్టరు ఆమెను చూస్తారని చెప్పింది ఆ తరవాతి బుధవారం. దుఃఖం తీరకుండానే ఇది రాయడానికి కారణం ఉంది. వచ్చే నెల మొదట్లో మా ఊరి ఆసుపత్రి కమిటీ కూర్చుంటుంది. అక్కడ ఆమె సంగతి చెప్పమని నన్ను అడిగారు. ఒక్క మనిషి సంగతే చెబితే జాలిపడి ఊరుకుంటారేమోనని నా భయం.

మాది కొవ్వూరు దగ్గర పల్లె. అమ్మానాన్నలు కూలిపని చేస్తారు, ఇద్దరికీ వేలిముద్రే. నన్ను బడిలో కూర్చోబెట్టింది ఆమే. మా ఇంటికొచ్చి నాన్నతో, "పిల్లని రేపు పంపకపోతే మీ అరుగు మీదే బడి పెడతానండి" అన్నారట. తనని 'అండి' అన్నారని మా నాన్న ఇప్పటికీ చెప్పుకుంటాడు.

నేను పదో తరగతి పాసయ్యాక నా మార్కుల జాబితాను ఆమే కొవ్వూరు తీసుకెళ్లి లామినేషన్ చేయించి తెచ్చారు. వాన పడితే మా ఇల్లు కారుతుంది. "మీ ఇంట్లో చేరిన మొదటి కాగితం ఇది. తడవనివ్వకు" అన్నారు. అప్పటినుంచి విలువైన కాగితం ఏది వచ్చినా మా ఇంట్లో అదే పని చేస్తాం.

తొలిపంట సార్వా కోతలకు ముందు ఆమెకు ఆయాసం మొదలైంది. నాలుగు మెట్లెక్కి నిలబడిపోయేవారు. మా ఊరి డాక్టరు పరీక్షించి, గుండె డాక్టరుకు చూపించమని చీటీ రాసిచ్చారు. ఆమెకు పిల్లలు లేరు, వెంట నేను వెళ్లాను. అంత ముఖ్యమైన చీటీ నలిగిపోతుందని ముందురోజే లామినేషన్ చేయించాను.

గోదావరి దాటి పెద్దాసుపత్రికి వెళ్లాక, కౌంటరులో గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దీని మీద రాయడానికి లేదు, సీలు పడదు, కొత్తది తెమ్మన్నాడు.

బస్సు వంతెన దాటేవరకు ఏడుస్తూనే ఉన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నేర్పింది నేనే కదే. ఇప్పుడు నన్ను గోడకుర్చీ వేయిస్తావేంటి?" అన్నారు. నవ్వబోయి, ఊపిరందక ఆగిపోయారు.

తిరిగొచ్చేసరికి మా డాక్టరు ట్రైనింగుకు వెళ్లారు. కొత్త చీటీకి పది రోజులు పట్టింది. అవతల ఆ గుండె డాక్టరు వారానికి ఒక్కరోజే, బుధవారం వస్తారు. ఒక వారం ఆయన సెలవు. మరో వారం మా దాకా నంబరు రాలేదు. తెలిసినవాళ్లతో ఫోను చేయిద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. వరండాలో మా పక్కన జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన ముసలాయన బెంచీ మీద ఒరిగి ఉన్నాడు. ఆయన్ని చూపించి, "నన్ను ముందుకు తోస్తే ఈయన వెనక్కి వెళతారమ్మా" అన్నారు. బళ్లో అన్నం వడ్డించేటప్పుడూ ఆమె వరస తప్పనిచ్చేవారు కాదు. ఆ మంచితనం మీద ఇప్పుడు నాకు కోపమొస్తోంది.

రెండో పంట దాళ్వా నాట్లు పడ్డా ఆమె పేరు పిలవలేదు. నా తప్పు వల్ల పోయినవి పది రోజులు. మిగతా రోజులన్నీ ఎలా పోయాయో, నన్ను నేను ఎంత తిట్టుకున్నా తేలడం లేదు.

చదివేవారికి ఒక విన్నపం. మీరు గానీ మీవాళ్లు గానీ ఇలాంటి చీటీ పట్టుకుని తిరిగి ఉంటే, చీటీ రాసిన రోజు, పెద్ద డాక్టరు చూసిన రోజు, రెండూ రాసి ఈ నెల ఇరవై అయిదో తేదీలోగా ఈ పత్రిక చిరునామాకు పంపండి. అన్నీ కలిపి కమిటీ ముందు పెడతాను. డాక్టరు చూడకముందే మనిషి పోతే, రెండో రోజు దగ్గర ఏమీ రాయకండి. పంతులమ్మగారి పేరు పక్కన నేను ఆ చోటు ఖాళీగానే వదిలాను.