వాగ్దాన కార్డుకి ముందున్న పేజీ

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా మనవరాలు సంచీడు సరంజామా మోసుకొచ్చి నా మంచం మీద పరిచింది. బైబిలు కొత్తగా చదవడం మొదలెట్టే విద్యార్థుల కోసమట. తళతళలాడే ఇంగ్లీషు పుస్తకం, గోడకి అంటించుకునే పట్టిక, ఒక్కో భావానికి ఒక్కో రంగు చొప్పున గీతలు గీసుకునే పెన్నులు, ఇవి చాలవన్నట్టు పొద్దున్నే టింగుమని ఒక వాక్యం పంపే ఫోను యాప్ కూడాను. విజయవాడ నుంచి కలకత్తాకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి, రేవు పక్కనున్న మా వాట్‌గంజ్ తెలుగు సంఘంలో చేరిన కుర్రాడు ఇవన్నీ పంచిపెట్టాడట, పిల్లలంతా అతన్ని బెంగాలీలో దాదా, అంటే అన్నా, అని పిలుస్తారు. మంచివాడే, కాదనను. కానీ సాయంత్రానికల్లా మా పిల్ల ఇంగ్లీషు బైబిలు పేజీలు హోలీ ఆడినట్టు తయారయ్యాయి. ఇంతకీ ఇక్కడ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారే అని అడిగితే, అది తర్వాత మామ్మా, ముందు రంగులు, అంటుంది. ఒళ్ళు మండదూ మరి?

మన కాలం వాళ్ళకి ఈ హంగులెక్కడివి? మా అమ్మకి అక్క, అంటే నాకు పెద్దమ్మ, రేవు కూలీల క్వార్టర్ల వెనక రేకుల గదిలో చాప పరిచి మాకు సండే స్కూలు నడిపేది. ఆవిడ దగ్గరున్నదల్లా అట్ట ఊడిన తెలుగు బైబిలూ, వీధి చివరిదాకా వినిపించే గొంతూను. ఎదురింటి బెంగాలీ ఆవిడ ఆ గొంతు విని, ఇదేదో గట్టి ట్యూషన్ అనుకుని తన పిల్లల్ని కూడా పంపుతానని కబురు పెట్టింది. పెద్దమ్మ పద్ధతి ఒకటే. కథ మొదట్నుంచీ పైకి చదవాలి, పుస్తకం మూసి, చెప్పినదెవరు, విన్నదెవరు, అంతకుముందు ఏటి జరిగింది అన్నది సొంతమాటల్లో చెప్పాలి. అది కాకుండా ఇందులో నాకేటి అని ఎవరైనా నోరు తెరిచారా, వాళ్ళ పని అయిందే.

ఆ పద్ధతి విలువ నాకు తెలిసొచ్చింది ఒక కొత్త సంవత్సరం నాడు. మన సంఘాల్లో ఆ రోజు పళ్ళెంలో వాగ్దాన కార్డులు పెట్టి తలా ఒకటి తీసుకోమంటారు కదా, అందులో ఏ వాక్యం వస్తే అది ఆ ఏటికి దేవుడు మనకిచ్చిన మాట అని కళ్ళకద్దుకుంటాం. రేవులో బస్తాలు మోసి నడుం పట్టేసిన మా నాన్నకి, నిన్ను మళ్ళీ నీ దేశానికి చేరుస్తానన్న అర్థం వచ్చే వాక్యం వచ్చింది. ఇంకేముంది, పిలుపొచ్చేసిందన్నాడు, మర్నాడే పని మానేసి అందరం శ్రీకాకుళం వైపు పల్లెకి పోదామన్నాడు. అక్కడ మాకు సెంటు భూమి లేదు, పడవ లేదు, నా బడి ఆగిపోతుంది. అమ్మ ఎంత మొత్తుకున్నా దేవుడి మాటకి అడ్డొస్తావా అని కసిరాడు. అంత మూర్ఖపు పట్టుదల నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు, నాలో తప్ప.

అమ్మ ఏడుస్తూ పెద్దమ్మని పిలుచుకొచ్చింది. ఆవిడ వాదించలేదు. బైబిలు నాన్న ఒళ్ళో పెట్టి, ఆ వాక్యానికి ముందు పేజీ తీసి, చదవమంది. నాన్న వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు. ఆ మాట విన్నవాడు అన్న కోపానికి జడిసి ఇల్లు విడిచి పారిపోతున్న మనిషి.

"అయితే ఇది నాకొచ్చింది కాదేటి, వదినా?" అన్నాడు నాన్న చిన్నబుచ్చుకుని.

"ముందు ఆయనకి చెప్పిన మాట, బాబూ. ఆయన గోడు పూర్తిగా విను, అప్పుడు నీది చూద్దుం."

పొద్దుగూకేదాకా చదివించింది. ఆ మనిషి పరాయిచోట ఏళ్ళ తరబడి చాకిరీ చేయడం, చివరికి వణుక్కుంటూ తిరిగి వెళ్తే అన్న పరుగెత్తుకొచ్చి వాటేసుకోవడం. అక్కడికొచ్చి నాన్న ఆ మాటే మళ్ళీ రెండోసారి చదివాడు. పడవ వాటా దగ్గర సొంత అన్న మీద చెయ్యెత్తి, ఆ సిగ్గుతో కలకత్తా రైలెక్కిన మనిషి ఆయన. పని మానలేదు, సెలవు పెట్టి ఆ అన్న దగ్గరికి వెళ్ళాడు, ఆ పెదనాన్న కట్టిచ్చిన ఎండుచేపల మూటతో తిరిగొచ్చాడు. కార్డొక్కటే పట్టుకుని వెళ్ళుంటే మేం వీధిన పడేవాళ్ళం, ఆయన అన్న గడప తొక్కేవాడూ కాదు.

ఇదంతా చెప్పి, ఆ పెన్నులకి మూతలు పెట్టి, పెద్దమ్మ నాకిచ్చిపోయిన తెలుగు బైబిల్లో ముందు పేజీ చదవవే అని కసిరాను. పిల్ల తలొంచుకుని, "నాకు తెలుగు చదవడం రాదు కదా మామ్మా, నువ్వే చదువు" అంది. వీధి బెంగాలీ, బడి ఇంగ్లీషు, దాన్ననేం లాభం?

కళ్ళజోడు పెట్టుకుని పెద్దమ్మ బైబిలే తెరిచాను. మధ్యలో ఫోను టింగుమంటే పిల్ల చెయ్యి అటు పోయింది, నేను చూసిన చూపుకి వెనక్కొచ్చింది. బైబిలు చదవడం నేర్పే సామాను ఇప్పుడు ఇల్లు పట్టనంత ఉంది, పక్కన కూర్చుని ముందు పేజీ చదివావా అని గదమాయించే మనిషే కరువు. మా ఇంట్లో ఆ మనిషిగా ఇప్పటికి నేనున్నాను. నా చూపు ఆనకపోయిన నాడు, ఈ పుస్తకం తెరిచి పైకి చదివేవాళ్ళు ఈ ఇంట్లో ఉండరు.