పేరు రాయని స్టేటస్

మా కోడలు కర్నూలులో ఆసుపత్రి ఉద్యోగం మానేసి, నంద్యాలలో రెండు గదులు అద్దెకు తీసుకుని సొంతంగా ఫిజియోథెరపీ మొదలుపెట్టింది. మోకాళ్ళు, నడుములు పట్టేసినవాళ్ళతో వ్యాయామాలు చేయించి నడిపించే పని. ఉగాది లోపల కుదురుకోకపోతే మళ్ళీ కర్నూలుకే పోతానని మొదటిరోజే చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున్నే ఆళ్ళగడ్డలో బస్సెక్కడం, ఆ గదుల బయట కుర్చీలో కూర్చుని వీధిలో పోయేవాళ్ళలో ఎవరు ఇటు తిరుగుతారా అని చూడడం.

వచ్చిన నలుగురైదుగురితోనే ఆమెకు చేతులు ఖాళీ ఉండేవి కావు. అందుకే ఫోను నాకిచ్చింది. నాది ఐదో తరగతి చదువు. అయినా ఆమె చెప్పింది ఒక్కటీ మరిచిపోలేదు. గదులు ఎక్కడున్నాయో, ఎన్ని గంటలకు తెరుస్తారో మ్యాపులో సరిగ్గా కనిపించాలి. అడిగినవాళ్ళకు ఆ రోజే జవాబు పోవాలి. వారానికి ఒక్కటైనా పనికొచ్చే మాట వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాలి, రోజుకు పది పెడితే జనం విసుక్కుంటారు. పొద్దున పావుగంట చాలు, తర్వాత ఫోను పక్కన పడేయాలి. ఇదొక్కటే నావల్ల కాలేదు. ఎవరైనా చూశారా అని పావుగంటకోసారి తీసేదాన్ని. ఇక వచ్చినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా రాయకూడదంది.

పేరు లేకుండా మనిషిని చెప్పడం మాకేం కొత్త? మొగుడి పేరు, మామ పేరు, బావ పేరు నోట రానివ్వకుండానే కాపురాలు చేసినవాళ్ళం. ఆయన ఇల్లు, అంగడి, నడక చెబితే వినేవాళ్ళకు ముఖం కనబడాల్సిందే.

అట్లే ఒకరోజు, మోకాలి నొప్పికని మా దగ్గరికి వచ్చే ఒకామె గురించి స్టేటస్ పెట్టాను. నేను నోటితో చెబితే ఫోనే రాసుకుంది. ఆళ్ళగడ్డలో బట్టల అంగడి, పుట్టిల్లు దొర్నిపాడు, ముగ్గురు కొడుకులు, మెట్లు పక్కకు తిరిగి దిగే మనిషి ఇప్పుడు పై అంతస్తు నుంచి చీరల కట్ట తానే మోసుకొస్తోందని. పేరు రాయలేదు. అంతకు ముందెన్నడూ లేనంతమంది చూశారు. మురిసిపోయాను.

మరుసటి రోజు ఆ అంగడామె రాలేదు. ఆమె వెంట వచ్చే ఇద్దరాడవాళ్ళూ రాలేదు. మూడు రోజులు ఫోను చేస్తే ఎత్తలేదు. నాలుగోరోజు అంగడికే పోయాను. గల్లా దగ్గర పెద్దకొడుకున్నాడు. ఆమె వెనక మూలన స్టూలు మీద ఉంది. చెల్లెలి ఇంటికని చెప్పి నంద్యాలకు వచ్చేదని అప్పుడే తెలిసింది.

పేరు రాయలేదు గదా అని నసిగాను.

"పేరొకటే తక్కువక్కా. నాకంటే ముందు నా మోకాలు దొర్నిపాడు చేరింది. ఇప్పుడు నన్ను మెట్టెక్కనీకుండా ఈడ కూర్చోబెట్టినారు. ఇరవై ఏండ్లు నేను నడిపిన అంగడి ఇది."

తిరిగొచ్చి కోడలికి చెప్పాను.

"నమ్మి వచ్చినామె కాలు తెచ్చి వీధిలో పెట్టినాం అత్తా. కర్నూలోళ్ళకు ఫోన్ చేస్తా."

ఉగాది దాకా ఆగమన్నాను. చెప్పుకోవాలంటే నా కాలు నాకుంది, దాని సంగతి చెబుతానన్నాను. కుర్చీలో కూర్చుని కాలు చాపి ఎత్తడం, కింద కూర్చుంటే గోడ పట్టుకుని గాని లేవలేని నా తంటా, పది రోజులు సాధన చేశాక మేడ మెట్లెక్కడం, అన్నీ వీడియో తీసింది. పెట్టే ముందు, "పెట్టమంటావా?" అంది.

"నన్నేంది అడుగుతాండావ్?"

"అడగాల."

చూసినవాళ్ళు నవ్వారు. కొందరు దారి అడిగి వచ్చారు కూడా. నా కళ్ళు మాత్రం ఒక్క మనిషి కోసమే. ఉగాది ఇంకో నాలుగు రోజులుందనగా, ఆళ్ళగడ్డలో పెద్దకొడుకే ఆమెను బస్సెక్కించి నా పక్కన కూర్చోబెట్టాడు. సగం దారిలో చెప్పింది.

"నీ వీడియో చూసినాడు వాడు. ఆ ముసిల్ది ఎక్కంగా లేంది నువ్వెందుకు ఎక్కలేవు, పోయి బాగు చేయించుకోని రాపో అన్నాడు. మెట్లెక్కి చూపిస్తే గల్లా నాకే ఇస్తాడంట."

గది ముందు నా వైపు తిరిగింది. "నువ్వు ఈడనే కూర్చో అక్కా. ఫోను సంచిలో పెట్టు."

పెట్టాను. లోపల కోడలు ఒకటి, రెండు అని లెక్కపెడుతూ ఆమెను వెనకవైపు మెట్లు ఎక్కిస్తోంది. లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఏడు దగ్గర ఆగింది. కాసేపటికి ఎనిమిది వినబడింది.

కర్నూలు మాట ఆ రోజు కోడలు ఎత్తలేదు. నేనూ అడగలేదు.