దివాకర్ ఇంటి ఆవిరి బన్నులు

కోతలు కోసేవాళ్లకి అమెరికా వేరే వీసా ఇచ్చేట్టుంటే, న్యూజెర్సీలోని పార్సిప్పనీ ఊరు మొత్తానికి మొదటిది దివాకర్‌కే వచ్చేది. కాలేజీ రోజుల్లో తన పులిహోర వాసనకి రెండు బస్సులు దారి తప్పి హాస్టల్ ముందు ఆగాయని చెప్పిన మనిషి. అలాంటివాడు కొన్నాళ్లుగా ఒక్క కోతా కోయలేదు. కోయడానికి ఎదురుగా మనిషి ఉండాలి కదా! ఉద్యోగం ఇంటినుంచే. మీటింగుల్లో అందరి కెమెరాలూ ఆపేసే ఉంటాయి. డైనింగ్ టేబుల్‌కి నాలుగు కుర్చీలుంటే, మూడింటి మీద ఉతికిన బట్టలే కూర్చునేవి.

ఒకప్పటి రూమ్మేట్ రుత్విక్ ఇప్పుడు వర్జీనియాలోని షాంటిలీలో కాపురం ఉంటున్నాడు. భార్య దేదీప్యతో, చంటిపాపతో బోస్టన్ వెళ్తూ ఆదివారం భోజనానికి ఆగుతానని ఫోన్ చేశాడు. దివాకర్‌కి ప్రాణం లేచొచ్చింది.

"ఒరేయ్, చైనా బన్నులు చేస్తున్నా. ఆవిరి మీద. ఎంత తేలిగ్గా ఉంటాయంటే, తినేముందు కుర్చీకి సీట్‌బెల్ట్ పెట్టుకోవాలి. లేకపోతే సీలింగ్‌కి తగులుతావ్."

"నీ కోతలు తగ్గలే అన్నా," అని పగలబడి నవ్వాడు రుత్విక్. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

కుర్చీల మీది బట్టలన్నీ మడతపెట్టి లోపల సర్దాడు. మైదాలో ఈస్టు కలిపి పిసికాడు. గంటసేపు పొంగనిస్తే చాలని యూట్యూబ్ వీడియోలో చెప్పారు. న్యూజెర్సీ చలిలో ఏళ్ల తరబడి ఇడ్లీ పిండి పులియబెట్టినవాడికి ఆ మాట ఎక్కుతుందా? శనివారం సాయంత్రమే గిన్నెకి శాలువా చుట్టి, ఓవెన్‌లో లైటు వేసి పెట్టేశాడు.

తెల్లారేసరికి పిండి మూత నెట్టేసి, శాలువా కప్పుకుని, ఓవెన్ తలుపు తోసుకుని, లీజులో తన పేరు కూడా రాయమన్నట్టు బయటికి చూస్తోంది. పుల్లటి కంపు. అయినా వదలకుండా లోపల క్యాబేజీ కూర పెట్టి, ఉండలు చేసి, ఇడ్లీ రేకుల్లో ఆవిరి పట్టాడు. మూత తీస్తే, ఎవరో కూర్చుని లేచిన దిండ్లలా అణిగిపోయి ఉన్నాయి.

అప్పుడే ఫోన్ మోగింది. "అన్నా, పది నిమిషాల్ల మీ ఊరి ఎగ్జిట్ కాడుంటం. బన్నులు రెడీయా?"

నిజం చెప్పి పప్పూ అన్నం వండినా సరిపోయేది. నోరు ఊరుకోలేదు.

"ఇంకెక్కడి బన్నులు రా! వాసనకి అపార్ట్‌మెంట్ కాంప్లెక్సంతా వచ్చి ఊడ్చేసింది. ఇంట్లో నిలబడ్డానికి చోటు లేదనుకో!"

నవ్వు కోసం చూశాడు. నవ్వు రాలేదు. ఫోన్ స్పీకర్‌లో ఉన్నట్టుంది, వెనకనుంచి దేదీప్య గొంతు వినిపించింది. "పాప ఇప్పుడే పడుకుంది. అంతమందిలో లేస్తే మళ్లీ పడుకోదు. ఇంకోసారి ఆగుదాంలే."

"సరే అన్నా, నువ్వు గెస్టులను చూస్కో. మస్తు ఖుషీ అయింది. ఒక్కడివే ఉంటున్నవని మేమిద్దరం ఎంత ఫీలైతుంటిమో."

ఉత్తినే అన్నాను, రండిరా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ 'ఒక్కడివే' అన్న మాట విన్నాక ఇక బయటికి రాలేదు.

"జాగ్రత్తగా డ్రైవ్ చెయ్," అన్నాడు.

కిటికీలోంచి హైవే మీద కార్లను కాసేపు చూశాడు. తర్వాత ఒక బన్ను విరిచి ఆవకాయ నంజుకుని తిన్నాడు. పిండి పులుపే గానీ లోపలి కూర మాత్రం భలే కుదిరింది. ఆ సంగతి చెబుదామని తలెత్తితే, ఎదురుగా మూడు కుర్చీలు, శుభ్రంగా తుడిచి, ఖాళీగా.