పర్చూరు కల్లం మీదుగా ఎంటెక్

ఫిబ్రవరిలో ఒక గురువారం తెల్లవారుజామున అయిదున్నరకి చీరాల బస్టాండులో పర్చూరు పల్లెవెలుగు ఎక్కాను. భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో టిఫిన్ డబ్బా. మర్నాడు పదకొండింటికి గుంటూరులో మా కాలేజీలో ఎంటెక్ ఐటీ ప్రాజెక్టు వైవా. అదీ రెండోసారి. మూడోసారి లేదు, కోర్సుకిచ్చిన గడువు ఈ సెమిస్టరుతో సరి. పాలిటెక్నిక్‌లో ల్యాబు చూసుకుంటూ, ఉన్న సెలవులన్నీ దీనికే ధారపోస్తూ, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో నేను ఈడ్చుకొస్తున్న చదువిది.

మొదటిసారి ఏమైందో చెప్పాలి. ఎండుమిరపకాయల్ని ఫోటో తీస్తే అవి ఏ రకమో చెప్పే యాప్ నా ప్రాజెక్టు. ల్యాబులో అది తప్పన్నది ఎరగదు. వైవాకి బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు గారు సంచిలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పోశారు. ఆ కాయల్లో మూడోవంతు తాలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు. నా యాప్ ఏమాత్రం సిగ్గుపడకుండా "ఫస్టు రకం" అంది. ఆయన నవ్వినా బాగుండేది, నవ్వలేదు. "నెల రోజులు తీసుకోండమ్మా, కారణం పట్టుకురండి" అన్నారు. నెలంతా కోడ్ తిరగేసి బోర్లేసి చూశాను. కారణం దొరకలేదు. ఇంక దిక్కుతోచక, ఫోటోలు తీసిన కల్లానికే మళ్లీ బయల్దేరాను.

ఆడవాళ్లకి ఆధార్ చూపిస్తే బస్సులో సున్నా టికెట్టు. ఈ దారిన వెళ్లే అక్కచెల్లెళ్లు కార్డు మర్చిపోకండి, ముఖం చూసి టికెట్టు కొట్టే కండక్టర్లు లేరు. పక్క సీట్లో పత్తి తీతకి వెళ్తున్న ఒకావిడ నా సంచి చూసి "ఏం ఉద్యోగమమ్మా?" అంది. "ప్రస్తుతం చదువు మీద వెళ్తున్నానండి" అన్నాను. నన్ను పైనుంచి కిందదాకా చూసి "ఇంకానా?" అంది. కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆరున్నరకి పర్చూరు. బస్టాండు ఎదుట టీ తాగి, డబ్బాలో ఇడ్లీలు తిని, షేర్ ఆటోలో ఏడు దాటేసరికి కల్లం చేరాను. మాస్కు లేకుండా అటు వెళ్లకండి. ఆటో దిగకముందే తుమ్ములు మొదలవుతాయి. టార్పాలిన్ పట్టాల మీద ఎండబోసిన మిరప ఎర్రగా పొలం గట్ల దాకా పరుచుకుని ఉంది. కల్లం మస్తాన్‌వలి గారిది. మా నాన్న స్నేహితుడు, నాకు బాబాయి వరస.

"మళ్లీ వచ్చావేందమ్మా? మా కాయ కొంటావా, లేక దాన్నే చదువుతా ఉంటావా?" అన్నాడు.

"చదివింది సరిపోలేదు బాబాయ్" అన్నాను.

అక్కడ తాలు ఏరే ఆడవాళ్లకి పెద్దదిక్కు కోటమ్మ. ముప్పై ఏళ్లుగా అదే పని. నేను మోకాళ్ల మీద కూర్చుని ఫోటోలు తీస్తుంటే ఆమె చేతిలో పని ఆపి చాలాసేపు నన్నే చూసింది.

"అమ్మాయ్, ఫోటో నొక్కేముందు నీ ఎడం చెయ్యి ఏం చేస్తందో చూసుకున్నావా?"

చూసుకున్నాను. గుప్పిట్లో మూడు తాలుకాయలు ఉన్నాయి.

మా పుట్టిల్లు ఇంకొల్లు దగ్గర మిరప చేలవాళ్లది. ఎనిమిదో ఏటినుంచి అమ్మ పక్కన కూర్చుని తాలు ఏరాను. కాయల రాశి కనిపిస్తే నా చెయ్యి నన్నడగదు, తెల్లకాయ మీదకి తనే పోతుంది. తీసిన ప్రతి ఫోటోకీ ముందు ఇదే జరిగిందన్నమాట! విడిగా పోసిన తాలు రాశి నా యాప్‌కి తెలుసు. మంచికాయల్లో కలిసిన తాలు మాత్రం దాని కంట ఎన్నడూ పడలేదు, నేను పడనివ్వలేదు. నెలంతా కోడ్‌లో వెతికిన తప్పు నా గుప్పిట్లో ఉంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు.

"ఏడుపెందుకే? నేను పోస్తా, నువ్వు తియ్యి. ఆ చెయ్యి మాత్రం నడుం మీద పెట్టుకో" అంది కోటమ్మ.

ఆమె దోసిళ్లతో పట్టా మీద కాయలు పోస్తూ "ఇది ఫస్టు", "ఇది రెండో రకం, తాలు కలిసింది", "ఇది ఎవడూ కొనడు" అని చెబుతుంటే, నేను తీసి రాసుకున్నాను. ఒక్కసారి కూడా తడుముకోలేదు మహాతల్లి. పదకొండున్నరకి ఫోన్ బ్యాటరీ అయిపోయింది, పనీ అయిపోయింది.

పన్నెండింటికి పర్చూరులో బస్సు, ఒంటిగంటకి చిలకలూరిపేట. బస్టాండు దగ్గర భోజనం బాగుంటుంది, గోంగూర పచ్చడి మారు అడిగితే విసుక్కోకుండా వేశారు. మూడింటికి గుంటూరు. మా గైడు మేడం నాకోసం ల్యాబు తెరిపించి ఉంచారు. కొత్త ఫోటోలు ఎక్కించి మోడల్‌కి మళ్లీ మొదటినుంచీ పాఠం చెప్పడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నేను కుర్చీలో కూర్చోలేదు. ఆరింటికి మేడం తన ఇంటినుంచి తెప్పించిన కాయలు పోశారు. యాప్ సరిగ్గా చెప్పింది. "వెళ్లి పడుకో" అన్నారామె. బ్రాడీపేటలో స్నేహితురాలి హాస్టల్ గదిలో ఒళ్లు తెలియకుండా పడుకున్నాను.

శుక్రవారం పదకొండుంపావుకి లోపలికి పిలిచారు. ఆ ప్రొఫెసరు గారే. మళ్లీ పొట్లం, మళ్లీ బల్ల మీద కాయలు. ఫోటో తీశాను. "రెండో రకం, తాలు కలిసింది." ఆయన తెల్లకాయలన్నీ ఏరేసి మళ్లీ తీయమన్నారు. "ఫస్టు రకం." నాలుగు తాలుకాయలు కలిపారు. యాప్ మళ్లీ మాట మార్చింది.

"కారణం దొరికిందా?"

"దొరికింది సార్. నా చెయ్యే" అని జరిగింది చెప్పాను. ఈసారి నవ్వారు, కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా.

"రకాలు ఎవరు నిర్ణయించారు?"

"కోటమ్మ గారు సార్. ముప్పై ఏళ్లుగా తాలు ఏరుతున్నారు."

"ఆవిడ పేరు రిపోర్టులో ఉందా?"

"పొద్దున్నే మొదటి పేజీ మార్చి బైండింగ్ చేయించాను సార్."

సంతకం పెట్టారు. పాస్! వరండాలోకి వచ్చి గట్టిగా అరిచాను. అటెండరు ఉలిక్కిపడి, సంగతి తెలిసి, తనూ చప్పట్లు కొట్టాడు.

రెండింటికి పర్చూరు మీదుగా చీరాల వెళ్లే బస్సు. కూర్చోగానే చీరాలలో మగ్గం నేసే మా ఆయనకి ఫోన్ చేసి, బస్సంతా వినపడేలా "పాసయ్యా!" అన్నాను. ఆయన మగ్గం గుంటలోంచి లేచి వీధిలోకి వచ్చి మాట్లాడాడు. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగాడు. గుంటూరు మిర్చి యార్డు నుంచి వస్తున్న రైతు, ఒళ్లో మచ్చుకాయల సంచి.

"ఏం పాసయ్యావమ్మా?"

చెప్పాను. "ఏదీ, నా కాయ చూడు" అని తువ్వాలు పరిచి దోసెడు పోశాడు. ఫోటో తీశాను. రెండో రకం, తాలు కలిసింది.

"నిన్న యార్డులోనూ ఇదే కూశారు. వాళ్లంటే కొనేవాళ్లు, తగ్గించే చెప్తారు. నీకేంటమ్మా లాభం?"

"ఏం లేదండి."

కాయలు మళ్లీ సంచిలో పోసుకున్నాడు. చిలకలూరిపేట దాటాక మెల్లగా అన్నాడు, "మా ఇంటిది ఇంకో రోజు ఏరుదామంది. నేనే తొందరపడి బస్తాలు కుట్టించా." మళ్లీ ఆయనే, "యార్డుకి పోకముందే ఈ మాట తెలిస్తే ఎంత బాగుండేది. ఇంకో పాతిక బస్తాల కాయ కల్లంలోనే ఉంది. వచ్చే వారం వస్తావా?"

"వస్తానండి" అన్నాను. ఇరుపక్కలా పత్తి చేలు, మధ్యమధ్య ఎర్రటి కల్లాలు వెనక్కి పోతున్నాయి. నేను పుట్టి పెరిగిన నేలే. అయినా అంత అందంగా ఉంటుందని ఆ సాయంత్రమే తెలిసింది నాకు.

పర్చూరులో ఆయన సంచి భుజాన వేసుకుని దిగుతూ కండక్టరుతో అన్నాడు, "మేడం గారిని చీరాలలో జాగ్రత్తగా దించయ్యా. మా కాయకి రకం చెప్పేది ఈవిడే."

పట్టా కాగితం కాలేజీవాళ్లు ఎప్పుడో పంపుతారు. నాకు ఎంటెక్ వచ్చింది మాత్రం పర్చూరు బస్టాండులో, సాయంత్రం నాలుగున్నరకి.