మేస్త్రి చెవిలో ఇంజను

“నీకు చెవుడా, పొగరా?” అని అడిగాడు గుమాస్తా. మెల్లగా కాదు, ఎదురు షాపువాళ్ళు కూడా తలెత్తి చూసేంత గట్టిగా. సందు చివరి షెడ్డులో, విప్పి పడేసిన స్కూటర్ల మధ్య నిలబడి, బ్రేకు వైరు మార్చమని నాలుగోసారి చెప్పాక అడిగిన ప్రశ్న అది. మేస్త్రి కార్బురేటర్ మీంచి తల ఎత్తకుండా “పొగరే” అన్నాడు.

అది అబద్ధం. కుడి చెవి అప్పటికే సగానికి పైగా పోయింది, ఎడమది దాని వెనకాలే బయల్దేరింది. ముప్ఫై ఏళ్ళు సైలెన్సర్ల పక్కన కూర్చున్నవాడికి అదేం వింత కాదు. కానీ ఈ మేస్త్రి పేరు తెచ్చుకున్నదే చెవితో. బండి స్టార్టు చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపట్టి కళ్ళు మూసుకునేవాడు. తర్వాత ఒకటే మాట. “బానే ఉంది, పొండి” లేదా “దింపాలి.” దింపాలంటే ఇంజను మొత్తం దింపి విప్పాలని. ఆ ఒక్క మాట కోసం నాలుగు వీధుల అవతలి నుంచి బళ్ళు వచ్చేవి. చెవుడు సంగతి బయటికి పొక్కితే షెడ్డుకి తాళం వేసుకోవడమే. పొగరంటే మాత్రం ఎవరూ మానుకోరు. పనిమంతుడికి ఆ మాత్రం ఉంటుందిలే అని సర్దుకుపోతారు. అందుకే పొగరు ఒప్పుకున్నాడు.

వీధిలో అతని పేరు డౌటు మేస్త్రి. ఆ పేరు పెట్టింది కూడా గుమాస్తానే. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ఉద్యోగమల్లా పొద్దున్నే షెడ్డుకి వచ్చి, పాత కారులోంచి పీకిన సీటు మీద చేరగిలబడి, ఆ పూట ఫోన్లోకి వచ్చిన సైన్సు వార్తలూ కొత్త వస్తువుల కబుర్లూ పైకి చదవడం. ఆయన దేన్నైనా నమ్ముతాడు. మేస్త్రి దేన్నీ నమ్మడు. ఇద్దరిలో ఒకరు లేకపోతే ఇంకొకరికి పొద్దుపోదు.

“విన్నావా మేస్త్రీ, ఐదు నిమిషాల్లో చార్జి అయ్యే బ్యాటరీ కనిపెట్టారట!”

“కనిపెట్టినాయన తన బండికి పెట్టుకున్నాడా?”

“ఇంకా ల్యాబులోనే ఉందట.”

“ఉండనివ్వండి పాపం. తరిమెయ్యడం దేనికి?”

“సరే, ఇది విను. నిద్ర ఎలా పోయామో చెప్పే గడియారమట.”

“మా ఆవిడ రోజూ చెప్తూనే ఉంటుంది. చార్జింగు కూడా పెట్టక్కర్లేదు.”

కరెంటు స్కూటర్లంటే అతనికి మరీ మంట. సందులోంచి ఒకటి జారుకుంటూ పోయినప్పుడల్లా పానా కింద పెట్టి, మలుపు తిరిగేదాకా చూసేవాడు. “చప్పుడు చెయ్యని బండి ఏదో దాస్తోందన్నమాట” అనేవాడు. అతని తిండి మీదికి వచ్చిన బండి కాబట్టి ఆ మాటలో ఎంత అనుమానమో, ఎంత భయమో విడదీసి చెప్పడం కష్టం.

ఇలాంటి మనుషుల మీద రాసేటప్పుడు బడి ముఖం చూడని జ్ఞాని బొమ్మ ఒకటి గీసి, దానికి దండ వేసే అలవాటు మనకుంది. డౌటు మేస్త్రి ఆ దండకి పనికిరాడు. అతని అనుమానాల్లో ముప్పాతిక మూడొంతులు శుద్ధ తప్పు. ఉపగ్రహాలు ఎక్కువైపోవడం వల్లే టైర్లలో గాలి తొందరగా దిగిపోతోందని ఒక వేసవంతా వాదించాడు. పాత బండి బేరమాడేటప్పుడు తన ఫోను తీసుకెళ్ళి ఖాళీ గ్రీజు డబ్బాలో పెట్టి మూత బిగించేవాడు, ధర కంపెనీకి తెలిసిపోతుందని. ఏ కంపెనీకి అని గుమాస్తా అడిగితే, “అదే తెలిస్తే డబ్బాలో పెట్టడం దేనికి?” అన్నాడు. ఒకే ఒక్కసారి అతని మాట నిజమైంది. మలుపులో ఉన్న పెట్రోలు బంకు మీటరు దొంగదని అతనన్న కొన్నాళ్ళకి తనిఖీవాళ్ళు వచ్చి దానికి సీలు వేశారు. ఆ ఒక్క గెలుపు పెట్టుబడిగా మిగతా అనుమానాలన్నిటితో వ్యాపారం చేశాడు.

చెవి సంగతి కనిపెట్టింది కూతురు. ఆ పిల్ల ఫోన్లూ గడియారాలూ అమ్మే షోరూములో పనిచేస్తుంది. తండ్రి లెక్కలో శత్రువుల్లో కలిసిపోయింది.

“నాన్నా, మన టీవీ మోతకి పక్కింటివాళ్ళు వాళ్ళ టీవీ కట్టేసి మనదే వింటున్నారు. నాతో చెవుల పరీక్షకి వస్తావా, రావా?”

“నాకేం చెవుడు లేదు.”

“నిజమే, చెవుడు లేదే ఆయనకి” అంది తల్లి వంటింట్లోంచి. “డబ్బులడిగితే వినపడదు, అంతే. డాక్టరుక్కూడా అదే చెప్పు.”

భార్య ఎగతాళికి కాదు, షెడ్డులో ఆ వారం జరిగిన ఒక పొరపాటుకి జడిసి ఒప్పుకున్నాడు. వాల్వుల టకటక వినపడక ఒకరి బండి అలాగే పంపించేశాడు. ఆ మనిషి మర్నాడే తిరిగొచ్చాడు.

చెవులు పరీక్షించే ఆవిడ మర్యాదస్తురాలు. గాజు గదిలో కూర్చోబెట్టి రకరకాల కూతలు వినిపించింది. బయటికి తీసుకొచ్చి అడిగింది: “ఏం పనిచేస్తారు? రోజంతా ఎలాంటి చోట ఉంటారు?”

ఇక్కడ మేస్త్రికి డౌటొచ్చింది. పని చెబితే సంపాదన అంచనా కడతారు. సంపాదన తెలిస్తే ధర పెంచుతారు. గ్రీజు ఇంకిన వేళ్ళు బల్ల కిందికి లాక్కున్నాడు.

“పనేం లేదమ్మా. ఇంట్లోనే ఉంటాను.”

కూతురు నోరు తెరవబోయింది. బల్ల కిందే ఆ పిల్ల కాలు తొక్కాడు.

“మరి మీకు ముఖ్యంగా ఏం వినపడాలి?”

“మాటలు. మా ఆవిడ మాటలు.”

జన్మలో అతని నోట అలాంటి మాట వినని కూతురు కాలి నొప్పి కూడా మర్చిపోయి తండ్రివైపు చూసింది. చెవుల ఆవిడ ముచ్చటపడి, చిక్కుడుగింజంత వినికిడి యంత్రాన్ని మాటలకి తగ్గట్టు సరిచేసి, కుడి చెవి వెనక తగిలించి పంపింది.

బయటికి రాగానే అతనికి తన చెప్పుల చప్పుడు వినపడింది. జేబులో తాళాలు వినపడ్డాయి. షెడ్డుకి వెళ్తే, గుమాస్తా వార్త చదివే ముందు ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో వచ్చే పిల్లికూత వినపడింది. గచ్చు మీద పడ్డ నట్టు ఎటు దొర్లిందో చూడకుండానే చెయ్యి చాచి అందుకున్నాడు. యంత్రం కనపడకుండా చెవుల మీదికి ఉన్నిటోపీ లాక్కునేవాడు.

“ఈ ఉక్కలో టోపీ ఏంటి మేస్త్రీ?”

“ఫ్యాషను.”

పైకి ఎంత మొండిగా ఉన్నా, అతను ఆ చిక్కుడుగింజని నమ్మేశాడు. డౌటు లేకుండా నమ్మిన మొట్టమొదటి యంత్రం అదే. స్క్రూడ్రైవరు పిడి ఆనించే ఎముక మీదే ఇప్పుడు అది కూర్చుంది. రెండిటికీ అక్కడ చోటు లేదు. స్క్రూడ్రైవరుని గోడకి మేకు కొట్టి తగిలించేశాడు.

ఓ పొద్దున గుమాస్తా పక్క ఊళ్ళో ఉన్న చెల్లెలింటికి ప్రయాణమయ్యాడు. “బండి గుయ్యిమంటోందయ్యా, ఒకసారి చూడు” అన్నాడు. మేస్త్రి కిక్కు కొట్టాడు. ఇంజను ఒక్క క్షణం గట్టిగా మోగింది, తర్వాత దానంతటదే దూరం జరిగినట్టు మెత్తబడింది. దాని మీంచి గుమాస్తా మాట మాత్రం గంట కొట్టినట్టు వినపడింది.

“వెన్నలా ఉంది. బానే ఉంది, పొండి.”

“గుయ్యిమంటోందంటే వినవే!”

“అది మీ ఫోనయ్యుంటుంది. వార్తలొచ్చాయేమో చూసుకోండి.”

ఊరు దాటిన చోట క్రాంకు బేరింగు పగిలి ఇంజను బిగుసుకుపోయింది. పరిగెత్తే చక్రం ఉన్నట్టుండి ఆగింది. గుమాస్తా వెళ్ళి ఇసక కుప్పలో పడ్డాడు కాబట్టి మోచేతి దెబ్బతో సరిపోయింది. ఇసక లేకపోతే ఈ కథ ఇంకోలా రాయాల్సొచ్చేది.

మర్నాడు స్కూటరు ట్రాలీలో వచ్చింది. వెనకాలే మెళ్ళోంచి చెయ్యి వేలాడదీసుకుని గుమాస్తా వచ్చాడు. షెడ్డులో అప్పటికే ముగ్గురున్నారు.

“నీకు చెవుడా?” అని అడిగాడు. ఈసారి రెండో సగం లేదు.

మేస్త్రి టోపీ తీశాడు. చెవి వెనక ఉన్నదాన్ని అందరూ చూశారు. “చెవుడే. దానికేగా ఇది పెట్టించుకున్నాను! ఇది నన్ను ముంచింది” అన్నాడు. ముగ్గురిలో ఇద్దరు, మళ్ళీ వస్తామంటూ బల్ల మీంచి తమ తాళాలు తీసుకున్నారు. ఆ వారం షెడ్డులో గచ్చు కనపడింది. ఎప్పుడూ బళ్ళతో నిండి ఉండే చోటు అది.

కూతురికి చెప్పకుండా ఒక్కడే చెవుల ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. యంత్రం ఊడదీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది అబద్ధాలు చెప్తోందమ్మా. ఇంజను చెడితే వెన్నలా ఉందంటోంది.”

“అబద్ధం కాదండీ, సాయం. ఆగకుండా ఒకే తీరున వచ్చే మోతని గోల అనుకుని తగ్గిస్తుంది. ఫ్యాను, బస్సు, మిక్సీ, ఇలాంటివి. మాట పైకి తేలాలని.”

“ఇంజను కూడా గోలేనా?”

“గోలే కదండీ మరి!”

“మీకు గోల. నాకు కూడు.”

ఆవిడ అతని చేతుల వంక చూసింది. ఈసారి బల్ల కింద పెట్టుకోవడం మర్చిపోయాడు. “మీరు ఇంట్లోనే ఉంటానన్నారుగా?”

మేస్త్రి గోడ మీద చెవి బొమ్మ చూస్తూ కూర్చున్నాడు. “అన్నాను. పని చెబితే ధర పెంచుతారని.”

“ధర అందరికీ ఒకటేనండీ. చెప్పుంటే ఆ రోజే వేరే అమరిక పెట్టేదాన్ని.”

అతను దేన్నైనా తట్టుకుని ఉండేవాడు గానీ ఆ ‘ఒకటే’ అన్న మాట గట్టిగా తగిలింది. ఆవిడ కంప్యూటరుకి తగిలించి ఏదో చేసింది. యంత్రం వెనక ఉన్న బుల్లి మీట చూపించింది. ఒకసారి నొక్కితే మాటలు, రెండోసారి నొక్కితే సంగీతం. పాటలు వినేవాళ్ళ కోసం పెట్టిందట అది. దేన్నీ తగ్గించకుండా ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. ఇంజను కావాలంటే సంగీతం నొక్కమంది.

“అంటే ఇన్నాళ్ళూ ఉన్నది లేనట్టు వినిపించారన్నమాట!” అన్నాడు మేస్త్రి. పోయిన ప్రాణం లేచొచ్చినట్టుంది అతని గొంతు.

“ఇంకో మాట. కొన్ని చప్పుళ్ళు ఏ మీట నొక్కినా మీకిక రావు. పోయినవి పోయాయి.”

ఆ మాటకి అతను డౌటు పడలేదు.

ఇప్పుడు షెడ్డులో పద్ధతి మారింది. ముందు యంత్రం ఊడదీసి జేబులో వేసుకుంటాడు. మేకు మీంచి స్క్రూడ్రైవరు తీసి ఎముకకి ఆనించి వింటాడు. తర్వాత యంత్రం పెట్టుకుని, సంగీతం నొక్కి మళ్ళీ వింటాడు. రెండు సాక్ష్యాలూ కలిసినా అతనికి తృప్తి లేదు. బండి తెచ్చినవాణ్ణి కూడా అడుగుతాడు: “మీకేం వినపడుతోంది?” ఇదివరకు అతను ఎవర్నీ అడగని ప్రశ్న అది. “వినాల్సింది నువ్వా, నేనా?” అని విసుక్కునేవాళ్ళున్నారు. విసుక్కుంటూనే చెవి వంచుతున్నారు. తాళాలు పట్టుకెళ్ళిన ఇద్దరిలో ఒకడు తిరిగొచ్చాడు. రెండోవాడు కరెంటు స్కూటరు కొన్నాడు.

అంత జరిగినా మేస్త్రి తగ్గాడనుకోకండి. మీట దాచిపెట్టి అమ్మారని, సగం వినిపించి సగం మింగే యంత్రాలు ఇంకెన్నున్నాయోనని, వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. ఇంట్లోనే ఉంటానన్న ముక్క మాత్రం ఎక్కడా చెప్పడు. దాన్ని గుమాస్తాకి చేరవేసింది కూతురు.

గుమాస్తా స్కూటరు ఇంజను మేస్త్రి దింపి, విప్పి, కూలి తీసుకోకుండా బిగించాడు. సంగీతం పెట్టుకుని విన్నాడు. గుమాస్తా చేత కూడా వినిపించాడు.

“కూలి సరే, బేరింగుల డబ్బో?” అన్నాడు గుమాస్తా.

“తప్పు యంత్రానిది సారూ. నేనెందుకు కట్టాలి?”

“అబద్ధమాడింది యంత్రమా, నువ్వా?”

“గుయ్యిమంటోందని తెలిసీ బండెక్కింది ఎవరు?”

“నువ్వు బానే ఉందన్నాక ఎక్కానయ్యా!”

“అదే మరి. అన్నీ నమ్మేస్తారు తమరు.”

గుమాస్తా ఫోను తీసి ఆ పూట వార్తలు చదవడం మొదలుపెట్టాడు. బండి నడుస్తోంది. బేరింగుల డబ్బు స్పేర్‌పార్టుల కొట్టుకి ఇంకా బాకీ.